బెంగళూరు కళాశాలల ప్రయోగశాల కొనుగోలు సంఘాల సభ్యులకు: మాగ్నెటిక్ స్టిర్రర్ల ఎంపికపై ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

బెంగళూరులోని ఇంజినీరింగు, డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో ఇరవై రెండేళ్లుగా ఇన్‌స్ట్రక్టరుగా పనిచేస్తున్నాను. అంతకుముందు మూడేళ్లు చెన్నైలో ఇదే పని చేశాను. ఈ ఊరి ల్యాబ్ అటెండర్లలోనూ, ఇన్‌స్ట్రక్టర్లలోనూ, కొనుగోలు సంఘాల్లో కూర్చునే అధ్యాపకుల్లోనూ అనంతపురం, చిత్తూరు, కోలారు, ముళబాగిలు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు కాబట్టి ఈ లేఖ తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు కాగితాల మీద మర్యాద కోసం దాటవేసే మాటలను మన భాషలో కొంత నిర్మొహమాటంగా చెప్పుకోవచ్చునన్నది నా ఆశ.

ఏటా ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గరపడే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీ ముందుకు వచ్చే ఇండెంట్లలో (ఏం కొనాలో కోరే పత్రాల్లో) ఒక వరుస ఇలా ఉంటుంది: ‘మాగ్నెటిక్ స్టిర్రర్ విత్ హాట్ ప్లేట్, 2 లీటర్లు, 30.’ అంటే, పాత్రలోని ద్రవాన్ని అయస్కాంతంతో తిప్పి కలిపే, వేడిచేసే పలక కూడా ఉన్న యంత్రాలు ముప్ఫై. అంతే. ఏ ప్రయోగానికి, ఏ పాత్రలో, ఏ ద్రవాన్ని, ఎంత వేడి దగ్గర కలపాలన్న సంగతి అందులో ఉండదు. ఆ ఒక్క వరుసకు మూడు కొటేషన్లు వస్తాయి, ధరల పట్టిక తయారవుతుంది, అందరికంటే తక్కువ చెప్పినవారికి ఆర్డరు వెళ్తుంది. ఆ వరుస రాసేది చాలాసార్లు నాలాంటివాళ్ళమే కాబట్టి తప్పులో మొదటి వాటా మాదేనని ఒప్పుకుంటున్నాను. దాన్ని ప్రశ్నించకుండా సంతకం పెట్టడంలో మీ వాటా ఎంతో మీరే తేల్చుకోవాలి. ప్రభుత్వ కళాశాలలు 2016లో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ద్వారా కొంటున్నాయి కదా, అక్కడ ఈ ఇబ్బంది ఉండదని కొందరు అంటారు. ఎక్కడ కొన్నా ఏం కావాలో రాయవలసింది మనమే.

నేను అడిగేది ఇంతే. స్టిర్రరు కొనేముందు అది ఏ ప్రయోగానికో అడగండి, ఆ ప్రయోగంలో వాడే బీకరునే దాని మీద పెట్టించి తిప్పి చూడండి, ధర సంగతి ఆ తర్వాత చూడండి.

ముందుగా కరెంటు లెక్క చెప్తాను, ఎందుకంటే దాన్ని ధరల పట్టికలో ఎవరూ వేయరు. హాట్ ప్లేటు ఉన్న స్టిర్రరు 600 వాట్లది అనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది రెండున్నర ఆంపియర్లకు కాస్త పైగా లాగుతుంది. ముప్ఫై యంత్రాలు ఒకేసారి వేడెక్కితే 18 కిలోవాట్లు, అంటే దాదాపు 78 ఆంపియర్లు. ఒక 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే ఆపేసే స్విచ్) కింద ఆరు యంత్రాలకు మించి పెట్టకూడదు. మన ల్యాబుల్లో బల్లల మీది పాయింట్లు చాలావరకు పీహెచ్ మీటర్లకూ కలరీమీటర్లకూ సరిపోయేలా వేసినవి. నేను పనిచేసిన ఒక కళాశాలలో కొత్త యంత్రాలు వచ్చిన మొదటి రోజే, ఒక వరుసలోని పది యంత్రాలు వేడెక్కడం మొదలుపెట్టిన కొన్ని నిమిషాలకు ఆ వరుస మొత్తం ఆరిపోయింది. వైరింగు మార్చడానికి అంచనా వేయిస్తే ఆ మొత్తం ఆ ఏడాది బడ్జెట్టులో లేదు. అందుకని ప్రతి యంత్రానికీ వేడి నాబ్ మీద తెల్లటి ప్లాస్టర్ టేపు అంటించి, రెండేళ్లపాటు వాటిని కలపడానికి మాత్రమే వాడాం. హీటరు కోసం అదనంగా ఇచ్చిన డబ్బు ఆ టేపు కింద అలాగే ఉండిపోయింది.

ఇంతకీ మొదటి సంవత్సరం విద్యార్థులకు వేడి అవసరమా? వాళ్ళు చేసే ప్రయోగాలను ఒక్కొక్కటిగా చూడండి. నీటి కాఠిన్యం కొలవడం మన ఊళ్ళో ఎంతో సొంతంగా అనిపించే ప్రయోగం, ఎందుకంటే పిల్లలు తమ అపార్టుమెంటు బోరు నీళ్ళను సీసాలో పట్టుకొని వస్తారు. అమ్మోనియా బఫరు పోసి పీహెచ్‌ను 10 దగ్గర నిలిపి, రంగు మార్పు చూపే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చుక్కలు వేసి, ఈడీటీఏ ద్రావణాన్ని కొలుస్తూ పోసి టైట్రేట్ చేస్తారు. ద్రాక్షసారా ఎరుపు నీలంగా మారే ఆ ఒక్క క్షణం కోసం అందరూ బీకరు మీదికి వంగుతారు. ఇందులో వేడి ఎక్కడా లేదు. కావలసినవి రెండే: నిదానంగా, కుదుపు లేకుండా తిరగడం, రంగు మారడం కనబడేలా పలక తెల్లగా ఉండడం. నల్లటి పలక మీద బీకరు పెట్టి కింద తెల్లకాగితం దూర్చే విద్యార్థిని చూసిన ప్రతిసారీ, ఇండెంటులో ‘తెల్ల పలక’ అని రెండు మాటలు రాసి ఉంటే సరిపోయేది కదా అనిపిస్తుంది.

వాహకత కొలిచే టైట్రేషన్లకు వేడి అవసరం లేకపోవడమే కాదు, అది నేరుగా చెరుపు చేస్తుంది. ద్రావణాల వాహకత ఒక డిగ్రీ పెరిగితే రమారమి రెండు శాతం పెరుగుతుంది. చవక యంత్రాల్లో మోటారు తన వేడిని పైపలకకు అందిస్తుంది. హీటరు వేయకపోయినా గంటసేపు నడిచాక పలక మీద చేయి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఒకసారి మధ్యాహ్నం బ్యాచ్ రీడింగులు ఉదయం బ్యాచ్ కంటే అదే పనిగా ఎక్కువ వస్తుంటే ఆమ్లం గాఢతను అనుమానించాం, ఈడీటీఏ సీసాలను కూడా అనవసరంగా అనుమానించాం, చివరికి బీకరులో థర్మామీటరు ముంచితే నాలుగు డిగ్రీల తేడా కనబడింది. నాలుగు డిగ్రీలంటే ఎనిమిది శాతం. విద్యార్థి లెక్క తప్పని దిద్దిన ఎర్ర సిరా అప్పటికే రికార్డుల్లోకి ఎక్కింది. కాబట్టి హీటరు లేని మామూలు స్టిర్రరు కొన్నా సరే, గంటసేపు నడిపి పలక ఎంత వేడెక్కుతుందో చూడాలి. బయోటెక్నాలజీ విభాగం కూడా అదే యంత్రాన్ని వాడుకుంటుందంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం, ప్రొటీన్ ద్రావణాలు ఆ గోరువెచ్చదనాన్ని కూడా ఓర్చుకోలేవు.

నా అంచనాలో ముప్ఫై మంది బ్యాచ్‌కు ముప్ఫై మామూలు స్టిర్రర్లు, ప్రాజెక్టు విద్యార్థులకు నాలుగో ఐదో మంచి హాట్ ప్లేటు స్టిర్రర్లు కొంటే సరిపోతుంది. వెండి నానో కణాలు తయారుచేసేవాళ్ళకు, సోల్-జెల్ పద్ధతిలో పనిచేసేవాళ్ళకు వేడి మీద నిజమైన అదుపు కావాలి. వాళ్ళకు ముప్ఫై నాసిరకం హీటర్లు ఉండి లాభం లేదు.

ఇక యంత్రం పట్టు గురించి. స్టిర్రరు లోపల జరిగేది చిన్న విషయమే. పలక కింద మోటారు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, పాత్రలో వేసిన టెఫ్లాన్ పూత అయస్కాంతపు కడ్డీ దాని వెంట తిరుగుతుంది. కేటలాగులు దాన్ని స్టిర్ బార్ అంటాయి, మన ల్యాబుల్లో బీడ్ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆర్థర్ రోసింజర్‌కు 1944లో దీని మీద అమెరికా పేటెంటు వచ్చింది. ఎనభై ఏళ్లు దాటినా మూలసూత్రం అదే. ఆ రెండు అయస్కాంతాల మధ్య పట్టు ఎంత గట్టిదన్నది కింది అయస్కాంతం బలం మీద, పలక మందం మీద, బీకరు అడుగు మందం మీద, బీడ్ పొడవు మీద ఆధారపడుతుంది. బీడ్ పొడవు కింది అయస్కాంతపు రెండు ధ్రువాల మధ్య దూరానికి దగ్గరగా ఉన్నప్పుడు పట్టు బాగా కుదురుతుంది. మజ్జిగ చిలికే కవ్వాన్ని కుండను చూసి ఎంచుకున్నట్టు, ఇక్కడ పాత్రను, యంత్రాన్ని రెండింటినీ చూసి బీడ్‌ను ఎంచుకోవాలి. యంత్రంతో పాటు ఉచితంగా వచ్చిన బీడ్ అన్నింటికీ సరిపోతుందనుకోవడం పొరపాటు.

కేటలాగులో ‘2 లీటర్లు’, ‘5 లీటర్లు’, ‘20 లీటర్లు’ అని రాసే సామర్థ్యం నీటికి సంబంధించినది. గ్లిసరిన్ స్నిగ్ధత గది ఉష్ణోగ్రత దగ్గర నీటికంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. చక్కెర పాకం, పీవీఏ అనే పాలిమర్ ద్రావణం, జిగురు పదార్థాలు మధ్యలో ఎక్కడో ఉంటాయి. ఇరవై లీటర్ల నీటిని తిప్పే యంత్రం అర లీటరు చిక్కటి పాలిమర్ ద్రావణం దగ్గర చతికిలపడవచ్చు, అందులో యంత్రం తప్పేమీ లేదు. అంత చిక్కటి ద్రవాలకు పైనుంచి కడ్డీ దిగే ఓవర్‌హెడ్ స్టిర్రరు కొనాలి. ఈ మాట ఇండెంటు దశలోనే చెప్పాలి.

ఒక కళాశాలలో జరిగిన ప్రదర్శన నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సరఫరాదారు ప్రతినిధి తనతో తెచ్చుకున్న లీటరు బీకరులో నీళ్ళు పోసి, ఒక చుక్క నీలిరంగు వేసి, నాబ్‌ను చివరిదాకా తిప్పాడు. బీకరు మధ్యలో సుడి అడుగుదాకా దిగింది, రంగు దారంలా చుట్టుకుంటూ కలిసిపోయింది, సంఘ సభ్యులు ముచ్చటపడ్డారు. ఆర్డరు వెళ్ళింది. రెండు నెలల తర్వాత ఒక ప్రాజెక్టు విద్యార్థిని గ్లిసరిన్ మిశ్రమం పెట్టింది. బీడ్ ఒక పక్కకు జరిగి, గాజుకు తగులుతూ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న మా అటెండరు, ముళబాగిలు నుంచి వచ్చిన పెద్దాయన, బీకరు అడుగుకు చెవి ఆనించి, ‘ఇది కలపడం లేదు సార్, కూర్చున్నచోటే వణుకుతోంది’ అన్నాడు. వేగం పూర్తిగా తగ్గించి, బీడ్ మళ్ళీ మధ్యకు వచ్చాక నెమ్మదిగా పెంచితే కొంతసేపు తిరిగింది, మళ్ళీ పట్టు తప్పింది. కింది అయస్కాంతం బలహీనమైనది. దాన్ని ఆ నీలిరంగు నీళ్ళు మా కంట పడనివ్వలేదు.

గరిష్ఠ వేగం మీద మనకున్న మోజు కూడా నాకు అర్థం కాదు. 1500 ఆర్‌పీఎం అని, అంటే నిమిషానికి అన్ని చుట్లని, రాసి ఉంటే 1200 కంటే మేలైనదని మార్కులు వేస్తాం. బోధనా ప్రయోగశాలలో మేం రోజూ వాడే వేగం 150కీ 500కీ మధ్యలో ఉంటుంది. చవక యంత్రాలకు అక్కడే కష్టం. నాబ్ కొద్దిగా తిప్పితే కదలవు, ఇంకొంచెం తిప్పితే ఒక్క ఎగురుతో 400 దాటిపోతాయి. పీహెచ్ ఎలక్ట్రోడు గాజు బుడ్డికి కింద బీడ్ అలా ఎగిరితే ఆ ఎలక్ట్రోడు పని అయిపోయినట్టే, దాని ధర తలుచుకుంటే స్టిర్రరులో మిగిల్చుకున్నది ఏమూలకూ రాదు. అతివేగం ప్రయోగానికి కూడా చేటే. సుడి లోతుగా దిగితే గాలి ద్రావణంలోకి లాగబడుతుంది, నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేచోట ఆ ఫలితానికి విలువ ఉండదు, పలుచటి క్షార ద్రావణాలైతే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయి. కాబట్టి ‘కనిష్ఠ వేగం 100 ఆర్‌పీఎం, అక్కడ ఆగకుండా తిరగాలి’ అన్న షరతు ఇండెంటులో గరిష్ఠ వేగం కంటే ముందు రావాలి. అంకెల్లో వేగం చూపే తెర చర్య వేగాలను పోల్చే ప్రయోగాలకు అవసరం, టైట్రేషన్లకు అక్కరలేదు.

హాట్ ప్లేటు నిజంగా కావలసినచోట దాన్ని ఎలా ఎంచుకోవాలన్న విషయం మీద మన ఊరు ఒక ప్రత్యేక పాఠం చెబుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు దాదాపు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలో నేను వాడిన ప్రయోగ పత్రంలో ‘నీటి తొట్టిని 98 డిగ్రీల వద్ద ఉంచుము’ అని ఉండేది, అక్కడ అది చక్కగా పనిచేసింది. యంత్రం 98కి చేరగానే హీటరు ఆగేది, తగ్గగానే మళ్ళీ వేసుకునేది. అదే పత్రాన్ని ఇక్కడ ఒక కళాశాలలో నకలు తీయించి పంచాం. విద్యార్థి వేడిని కొలిచే ప్రోబ్‌ను నీటిలో ముంచి, 98 అని నొక్కి, భోజనానికి వెళ్ళాడు. నీళ్ళు 97 దగ్గర కళపెళ మరుగుతూనే ఉన్నాయి, 98 ఎప్పటికీ రాదు, రాదు కాబట్టి హీటరు ఒక్క క్షణం కూడా ఆగలేదు. మేము తిరిగి వచ్చేసరికి బీకరు ఎండిపోయి, అడుగున నక్షత్రంలా పగిలి, మధ్యలో బీడ్ ఇంకా తిరుగుతూనే ఉంది. యంత్రం చెప్పినట్టే చేసింది. తప్పు ఆ పత్రాన్ని చూసుకోకుండా పంచిన నాది.

ఆ రోజు నుంచి హాట్ ప్లేటు చూసిన ప్రతిసారీ నేను మొదట అడిగేది దాని భద్రతా పరిమితి గురించే. మంచి యంత్రాల్లో ఉష్ణోగ్రతను నడిపే సర్క్యూట్ కాకుండా, పలక ఒక హద్దు దాటితే హీటరును కోసేసే మరో స్వతంత్ర సర్క్యూట్ ఉంటుంది. ఆ హద్దును చిన్న స్క్రూడ్రైవరుతో మనమే పెట్టుకోవచ్చు. ప్రోబ్ ద్రవంలోంచి జారి బయట పడిందనుకోండి, అది గది ఉష్ణోగ్రతను చూపుతూ ఉంటే యంత్రం ద్రవం ఇంకా చల్లగానే ఉందనుకొని పలకను ఎర్రబడేలా కాలుస్తుంది. అప్పుడు కాపాడేది ఈ రెండో సర్క్యూట్ ఒక్కటే. పలక వేడిని, ద్రవం వేడిని వేరువేరుగా చూడాలన్న సంగతి మన పిల్లలకు కూడా చెప్పాలి. 300 డిగ్రీలకు ఎక్కే పలక మీద ఈథర్‌తో పని పెట్టుకోవడం ఆత్మహత్యాసదృశం, ఎందుకంటే ఈథర్ ఆవిరి నిప్పురవ్వ లేకుండానే 200 డిగ్రీల లోపు అంటుకోగలదు. పలక చల్లారేదాకా వెలుగుతూ ఉండే ఎర్ర దీపం ఉన్న యంత్రానికి నేను నా వంతుగా ఎప్పుడూ ఎక్కువ మార్కులే వేస్తాను, వేలు కాల్చుకున్న విద్యార్థిని ప్రథమ చికిత్స పెట్టె దగ్గరికి తీసుకెళ్ళే పని మాదే కాబట్టి.

కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం ఏం చేస్తుందో కూడా అమ్మేవారిని అడగండి. పాతకాలపు నాబ్ యంత్రాలు కరెంటు రాగానే ఆగినచోటి నుంచి వేడితో సహా మొదలుపెడతాయి, కొన్ని ఎలక్ట్రానిక్ యంత్రాలు మళ్ళీ నొక్కేదాకా నిశ్శబ్దంగా ఉంటాయి. రాత్రంతా నడిచే చర్యలకు తిరగడం మళ్ళీ మొదలవ్వాలి గానీ వేడి మొదలవ్వకూడదన్నది నా అభిప్రాయం. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన ప్రతినిధులు నాకు తక్కువమందే తగిలారు. విద్యుత్ భద్రత విషయంలో ఐఈసీ 61010 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని, వేడిచేసే పరికరాలకు అందులోని 2-010 భాగాన్ని, కలిపే పరికరాలకు 2-051 భాగాన్ని పాటించిందన్న ధ్రువపత్రం అడిగితే, బల్లకు అటువైపు ఉన్నవారు ఎంత సిద్ధపడి వచ్చారో అప్పుడే తెలిసిపోతుంది.

పలక దేనితో చేసినదన్న విషయంలో ఒకే సరైన జవాబు లేదు. అల్యూమినియం త్వరగా, సమంగా వేడెక్కుతుంది గానీ, సోడియం హైడ్రాక్సైడు ఒలికితే అది పలకను తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదే, కానీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు దాని మీద సూదిమొన గుంటలు వేస్తాయి. పైగా అది అయస్కాంతానికి అంటుకోని రకమై ఉండాలి, లేకపోతే అయస్కాంత బలం పలకలోనే ఆగిపోతుంది. సెరామిక్ పలక ఆమ్లానికీ క్షారానికీ జంకదు, తెల్లగా ఉంటుంది, తుడిస్తే పోతుంది, కానీ ఇనుప స్టాండు జారి మీద పడితే పగులుతుంది, పగిలిన పలకను ఇక వాడకూడదు. మొదటి సంవత్సరం పిల్లల చేతికి ఇచ్చే మామూలు స్టిర్రర్లకు నేను తెల్ల పూత అల్యూమినియాన్ని, ప్రాజెక్టు ల్యాబుకు సెరామిక్‌ను ఎంచుకుంటాను. మీ ల్యాబులో స్టాండ్లు ఎక్కువ పడిపోతాయో, ఆమ్లాలు ఎక్కువ ఒలుకుతాయో మీ అటెండరును అడగండి.

మోటారు బ్రష్‌లు లేనిదై ఉండాలి. బ్రష్‌ల మోటారులో నిప్పురవ్వలు లేస్తాయి, ఎసిటోన్ ఆవిరి తిరిగే గదిలో వాటికి చోటు లేదు, కార్బన్ అరిగి మార్చే పని కూడా తప్పదు. యంత్రం ఒంటి మీద ఒలికిన ద్రవం లోపలికి దిగకుండా ఉండాలి. దాన్ని చెప్పేది ఐపీ అంకె: ఐపీ 21 అంటే నిట్టనిలువుగా పడే చుక్కలను మాత్రమే ఆపుతుంది, ఐపీ 42 వంగి పడే చుక్కలను కూడా కొంతవరకు ఆపుతుంది. కరెంటు తీగ వేడి పలకకు తగిలినా కరగని సిలికోన్ తొడుగుదై ఉంటే మంచిది. తీగ కరిగిన వాసన ఎలా ఉంటుందో తెలియని ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరు ఈ ఊళ్ళో ఉండరు. పది, పదిహేను బీకర్లు ఒకేసారి పెట్టే బహుళస్థాన స్టిర్రర్ల గురించి కొందరు అడుగుతున్నారు. పరిశోధనకు బాగుంటాయి, తరగతికి వద్దంటాను. సాధారణంగా వాటిలో అన్ని స్థానాలకూ ఒకే వేగం ఉంటుంది, ఒక్క లోపం వస్తే పదిహేను మంది చేతులు కట్టుకొని నిలబడాలి.

ఇప్పుడు బీడ్‌ల సంగతి. మీరు విసుక్కున్నా సరే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇండెంటులో యంత్రాలు ముప్ఫై అని రాస్తాం, బీడ్‌లు వాటితోనే వస్తాయిలే అనుకుంటాం. ఒక వేసవి సెలవుల్లో సింకులు నీళ్ళు దిగక, కింది వంపు గొట్టాలను ప్లంబరుతో విప్పించాం. బల్ల మీద పరిచిన పాత పేపరు మీద బురదతో పాటు ఏడు బీడ్‌లు రాలాయి. రెండు పర్మాంగనేటు మరకతో గోధుమరంగుకు తిరిగాయి, ఒకటి పసుపు పచ్చగా, ఒకదాని పూత చీలి లోపలి లోహం తుప్పుతో కనబడుతూ, అన్నీ ఒకదానికొకటి అతుక్కొని జెర్రిలా ఉన్నాయి. అప్పటికి ఆ ల్యాబులో సగం యంత్రాలు బీడ్ లేక మూలన కూర్చున్నాయి. స్టాక్ రిజిస్టరులో మాత్రం ముప్ఫై యంత్రాలూ పనిచేస్తున్నట్టే ఉంది. దీనికి పరిష్కారం చవకైనదే. యంత్రానికి మూడు చొప్పున, 15, 25, 40 మిల్లీమీటర్ల బీడ్‌లు విడిగా కొనాలి. గుండ్రటి అడుగు ఫ్లాస్కులకు గుడ్డు ఆకారపువి కొన్ని ఉండాలి. పాత్రలోంచి బీడ్‌ను బయటికి తీసే పొడవాటి అయస్కాంతపు కడ్డీ బల్లకొకటి ఉండాలి. సింకు మీద ఒక స్టీలు జల్లెడ పెట్టాలి. ఈ మొత్తం ఖర్చు ధరల పట్టికలో కనబడనంత చిన్నది, అందుకే కాబోలు ఎవరి కంటా పడదు.

బీడ్ లోపలి అయస్కాంతం ఏ రకమన్నది కూడా రాయించండి. మామూలు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, సమేరియం-కోబాల్టువి అంతకు ఎంతో ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. ఆల్నికోవి వేడికి ఇంకా గట్టివి గానీ, బలమైన వేరే అయస్కాంతాల పక్కన అదే డబ్బాలో పడేస్తే బలహీనపడే అవకాశం ఉంది. టెఫ్లాన్ పూతకు దాదాపు 260 డిగ్రీలు హద్దు, సోడియం లోహం వంటివాటి దగ్గర అది నల్లబడి పాడవుతుంది. గీతలు పడిన బీడ్‌లు పాత చర్యల తాలూకు లోహపు ఆనవాళ్ళను పట్టి ఉంచుకుంటాయి. ఉత్ప్రేరకం వేయని పాత్రలో కూడా చర్య జరిగిందని ఒక విద్యార్థి సంబరపడితే, ముందు ఆ బీడ్ వయసు అడగాలి. పేస్‌మేకరు ఉన్నవారు ఈ యంత్రాలకు దూరంగా ఉండాలన్న హెచ్చరిక ల్యాబ్ తలుపు మీద ఉండాలని కూడా ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాను.

బాగుచేత గురించి నా అనుభవం కొంత చేదుగా ఉంది. వారంటీ ఏడాది అని రాసి ఉంటుంది, పాడయ్యేది పద్నాలుగో నెలలో. విప్పి చూస్తే చాలాసార్లు పోయింది ఒక వేగ నియంత్రణ బోర్డో, ఒక ఫ్యూజో. ఎస్పీ రోడ్డులో తిరిగితే కొన్నిటికి విడిభాగం దొరుకుతుంది, అక్కడి కుర్రాళ్ళు గంటలో అతికించి ఇస్తారు. కొన్నిటి బోర్డులు మాత్రం ఆ యంత్రం కోసమే తయారైనవి, సరఫరాదారు మోడల్ మారిపోయిందంటే ఆ యంత్రం ఇక తూకానికే. రెమీ, ఐకా, టార్సన్స్ వంటి తెలిసిన పేర్లయినా, పేరు వినని తయారీ అయినా ఒకే ప్రశ్న అడగండి: మోటారు, బోర్డు, హీటరు విడిగా అమ్ముతారా, ఎన్నేళ్లు అమ్ముతారు, బెంగళూరులో బాగుచేసేదెవరు? జవాబు కాగితం మీద ఇవ్వమనండి. నోటిమాటగా వచ్చిన హామీలు మా దగ్గర చాలా పోగుపడ్డాయి.

చివరిగా సంఘం కూర్పు గురించి ఒక విన్నపం. మీలో ప్రిన్సిపాలు గారు ఉంటారు, విభాగాధిపతులు ఉంటారు, అకౌంట్స్ అధికారి ఉంటారు. యంత్రాన్ని రోజూ తుడిచి, వేసి, ఆపి, మూల గదిలో దాచే మనిషి మాత్రం ఉండడు. సంతకం చేసే హక్కు ఇవ్వకపోయినా, ఆ పావుగంట ప్రదర్శనకు అటెండరును, ఇన్‌స్ట్రక్టరును పిలవండి. సరఫరాదారు తెచ్చిన బీకరు వద్దని చెప్పి మన బీకరునే పెట్టమనండి, ఎందుకంటే మన బీకర్ల అడుగులు కొన్ని లోపలికి వంగి ఉంటాయి, మన పిల్లలకు అందేవి అవే. 250 మిల్లీలీటర్ల బీకరులో నీళ్ళు, ఆ తర్వాత గ్లిసరిన్, రెండింటిలోనూ నాబ్‌ను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి తిప్పించి చూడండి. హీటరు ఉంటే ప్రోబ్‌ను ద్రవంలోంచి తీసి పక్కన పెట్టి, యంత్రం ఏం చేస్తుందో పదినిమిషాలు చూడండి. హీటరు లేకపోతే గంట తర్వాత పలక మీద అరచేయి ఆనించండి. అమ్మేవారు దీనికి అభ్యంతరం చెప్తే, ఆ అభ్యంతరాన్ని కూడా ధరల పట్టికలో ఒక గడిగా రాసుకోండి.

మీలో ఎవరైనా ఈ ఫిబ్రవరిలో ఇలాంటి ప్రదర్శన ఏర్పాటు చేస్తే, మా విభాగం అనుమతి తీసుకొని నేను వస్తాను. అన్ని కొలతల బీడ్‌లూ, ఒక థర్మామీటరూ నా సంచిలో ఉంటాయి. గ్లిసరిన్ సీసా ఒక్కటి మీరు తెప్పించి ఉంచితే చాలు.

భవదీయుడు,
ఒక ప్రయోగశాల ఇన్‌స్ట్రక్టరు,
బెంగళూరు